హీబ్రూలో ప్రేమను 'అహవా' అంటారట – అసలు అర్థం ఏమిటి?

సందేహాల సుబ్బు

అందరికీ నమస్తే. మా బావమరిది ఈ మధ్య ఒక వీడియో పంపాడు. అందులో ప్రసంగికుడు చెప్పింది ఇది: హీబ్రూలో ప్రేమ అంటే 'అహవా'. అందులో 'హవ్' అంటే ఇవ్వడం, ముందున్న 'అ' అంటే నేను. కాబట్టి ప్రేమించడమంటే 'నేను ఇస్తాను' అనే! వినడానికి భలే ఉంది. కానీ భలే ఉన్నవన్నీ నిజం కావు కదా. ఇక్కడ హీబ్రూ తెలిసినవాళ్ళు ఉన్నారని విన్నాను, కాస్త చెప్పండి.

పాస్టర్ గారబ్బాయి

సుబ్బు గారూ, ఇది మా నాన్నగారు కూడా చెబుతారు. ఇంకోటి కూడా ఉంది. హీబ్రూ అక్షరాలు మొదట్లో బొమ్మలు. ఆలెఫ్ అంటే ఎద్దు, బలం. బేత్ అంటే ఇల్లు. ఈ రెండూ కలిస్తే 'అవ్', అంటే తండ్రి. మధ్యలో 'హే' పెడితే 'అహవ్', ప్రేమించాడు. 'హే' అంటే ఇదిగో చూడు అని బయటపెట్టడం. కాబట్టి ప్రేమ అంటే తండ్రి హృదయం బయటపడటం. బైబిల్లో ప్రేమ అనే మాట మొదటిసారి వచ్చేది కూడా ఒక తండ్రి గురించే. ఆదికాండం 22:2, అబ్రాహాము, ఇస్సాకు. ఇంత చక్కగా కుదిరింది ఊరికే అవుతుందా?

పాత లిపి

మొదటిసారి వచ్చేది ఆది 22:2లో అన్నది నిజమే. మిగతా రెండూ నిలవవు. ఒక్కొక్కటే చూద్దాం.

హీబ్రూలో మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. ప్రేమించడానికి ధాతువు ఆలెఫ్-హే-బేత్. ఈ మూడూ ధాతువులో భాగమే, ఆలెఫ్ బయటి నుంచి వచ్చి అతికింది కాదు. ఇవ్వడం అనే అర్థమున్న ధాతువు వేరు, యోద్-హే-బేత్. అరమాయిక్‌లో (హీబ్రూకు చుట్టమైన భాష) అదే మామూలు మాట. హీబ్రూలో దాని ఆజ్ఞారూపం 'హవా'. బాబెలు గోపురం కథలో ఇటుకలు చేద్దాం రండి అనేటప్పుడు (ఆది 11:3) ఆ మాటే ఉంది. పెళ్లిళ్లలో పాడే 'హవా నగీలా' పాటలో ఉన్నదీ అదే, రండి ఆనందిద్దాం అని. అంటే వీడియోలో చెప్పిన 'హవ్' అబద్ధం కాదు, ఈ మాటకు చుట్టం కాదు, అంతే.

అయితే ఇవ్వడం వల్లే ప్రేమ పుడుతుందన్న బోధ మాత్రం యూదు గురువుల్లో ఉంది. 20వ శతాబ్దంలో రబ్బీ ఎలియాహు దెస్లర్ దాన్ని వివరంగా రాశారు. మనం ఎవరికి ఇస్తామో వాళ్ళ మీద మనకు ప్రేమ పెరుగుతుంది అని ఆయన వాదన. మంచి మాట. దాన్ని నిలబెట్టడానికి ధాతువును వంచక్కర్లేదు.

పాస్టర్ గారబ్బాయి

మరి బొమ్మల సంగతి? ఆలెఫ్ ఎద్దు తల కాదా?

పాత లిపి

ఎద్దు తలే. సీనాయిలో సెరాబిత్ ఎల్-ఖాదిమ్ అనే పాత టర్కాయిస్ రాళ్ల గనుల దగ్గర 1905లో ఫ్లిండర్స్ పెట్రీకి దొరికిన రాతల్లో ఆ ఎద్దు తల కనిపిస్తుంది. 1916లో అలన్ గార్డినర్ వాటిలో 'బఅలత్' (అమ్మవారు అనే అర్థంలో ఒక దేవత పేరు) అనే మాట చదివారు. ఎలా చదవగలిగారు? ఇల్లు బొమ్మను ఇల్లు అని కాకుండా 'బ' అనే శబ్దంగా తీసుకున్నారు కాబట్టి. ఆ లిపి కనిపెట్టినవాళ్ళ తెలివంతా అక్కడే ఉంది. బొమ్మ పేరులో మొదటి శబ్దం ఉంచుకుని అర్థం వదిలేశారు. పైగా జనం ప్రేమించడం, ఆ మాట అనడం, ఈ అక్షరాలు పుట్టకముందు నుంచే ఉన్నాయి. తర్వాత వచ్చిన అక్షరాలను బట్టి ముందే ఉన్న మాటకు అర్థం ఎలా వస్తుంది?

ఇంకో పరీక్ష. హీబ్రూలో శత్రువును 'ఒయేవ్' అంటారు. ఆలెఫ్, వావ్, యోద్, బేత్. ఇక్కడా మొదట ఆలెఫ్, చివర బేత్, అంటే 'తండ్రి' ఉన్నాడు. మధ్యలో వావ్ మేకు, యోద్ చెయ్యి. ఇప్పుడు శత్రువు అంటే ఏమని చెబుతాం? ఈ పద్ధతి మనకు కావలసిన చోట పనిచేసి, అక్కర్లేని చోట మౌనంగా ఉంటుంది. అదే నా అభ్యంతరం.

గుంటూరు మిర్చి

ఆ లెక్కన 'ఉప్మా'లో మా ఉంది కాబట్టి అందులో అమ్మ ప్రేమ ఉన్నట్టు. మా హాస్టల్ ఉప్మా ఒకసారి తిని ఆ మాట అనమనండి 😄

రమత్ గన్ రాణి

మీరంతా పుస్తకాల్లోది చెబుతున్నారు, నేను రోజూ వినేది చెబుతాను. మాది పశ్చిమ గోదావరి. ఇక్కడ ఇజ్రాయెల్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పని. మన తెలుగువాళ్ళు ఈ పనిలో చాలామంది ఉన్నాం. ఆవిణ్ణి 'సవ్తా' అంటాను, అంటే నానమ్మ, అమ్మమ్మ.

ఇక్కడ అందరి నోటా ఒకటే క్రియ. మనవరాలు ఫోన్ చేస్తే సవ్తా 'అనీ ఒహెవెత్ ఒతాఖ్' అంటుంది, నిన్ను ప్రేమిస్తున్నాను అని. పళ్ళెంలో వంకాయ నచ్చకపోతే 'అనీ లో ఒహెవెత్ ఎత్ జె' అని పక్కకు తోసేస్తుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది, వంకాయ మీద ప్రేమేంటి అని. మనం 'నాకు వంకాయంటే ఇష్టం లేదు' అంటాం, వీళ్ళు ప్రేమించట్లేదు అంటారు, అంతే తేడా.

మాట్లాడేది ఆడా మగా, వినేది ఆడా మగా అనే దాన్ని బట్టి మాట మారుతుంది. మగవాడు అయితే 'అనీ ఒహెవ్', ఆడది అయితే 'అనీ ఒహెవెత్'. ఆడమనిషితో 'ఒతాఖ్', మగవాడితో 'ఒత్ఖా'. కొత్తగా వచ్చిన అబ్బాయిలు మా దగ్గర విని 'అనీ ఒహెవెత్' అని చెప్పి నవ్వులపాలవుతుంటారు. ప్రేమలో పడ్డాను అనడానికి ఇంకో రూపం, 'హిత్అహవ్తీ'. ముద్దుగా పిలవడానికి ఈ మాట ఎవరూ పెద్దగా వాడరు. మామీ, మోతెక్, నెషమా ఇవే వింటాను. 'అహువా' అని ఆడవాళ్ళకు పేరు ఉంది, ప్రియమైనది అని. అది పాతకాలం పేరు, మన సుబ్బమ్మ టైపు.

సందేహాల సుబ్బు

సుబ్బమ్మ జోలికి రాకండి అక్కా, మా అమ్మమ్మ పేరు 😀 కానీ ఈ వంకాయ సంగతి భలే చెప్పారు. ఇది ఇప్పటి వాడుకా, పాత హీబ్రూలో కూడా ఉందా?

పాత లిపి

పాతదే. ఇస్సాకు ముసలితనంలో ఏశావును పిలిచి వేట మాంసం వండి తెమ్మంటాడు కదా (ఆది 27:4). అక్కడ 'నాకిష్టమైన' అని మన బైబిల్లో ఉన్న చోట హీబ్రూలో ఉన్నది 'అహవ్తీ', నేను ప్రేమించిన. అబ్రాహాముకు ఇస్సాకు మీద ఉన్నదీ, ఆ ఇస్సాకుకు కూర మీద ఉన్నదీ ఒకే క్రియ. ఆ ఇంట్లో గొడవంతా కూడా దీనితోనే రాశారు: ఇస్సాకు ఏశావును ప్రేమించాడు, వేట మాంసం తింటాడు కాబట్టి. రిబ్కా యాకోబును ప్రేమించింది. కారణం చెప్పలేదు (25:28).

నామరూపం 'అహవా' మొదట కనిపించేది యాకోబు, రాహేలు దగ్గర. ఆమె కోసం చేసిన ఏడేళ్ల చాకిరీ, ఆమె మీది ప్రేమ వల్ల, కొద్ది రోజుల్లా అనిపించిందట (29:20).

శాసనాల శర్మ

ఒక కోణం ఎవరూ ఎత్తలేదు. ప్రాచీన పశ్చిమాసియాలో 'ప్రేమ' రాజకీయ పదం కూడా. 1963లో విలియం మోరన్ అనే పండితుడు ఒక వ్యాసంలో చెప్పారు: ద్వితీయోపదేశకాండంలో దేవుణ్ణి ప్రేమించు అన్న ఆజ్ఞ వెనక, సామంతరాజు చక్రవర్తికి ఇచ్చే విధేయత భాష ఉంది అని. క్రీ.పూ. 672లో అస్సీరియా రాజు ఏసర్హద్దోను తన కొడుకు అషూర్బనిపాలుకు సింహాసనం ఖాయం చేస్తూ సామంతుల చేత ఒట్టు వేయించాడు. యువరాజును మిమ్మల్ని మీరు ప్రేమించుకున్నట్టు ప్రేమించాలి అని అందులో షరతు. ఆ మట్టి పలకలు 1955లో నిమ్రూద్ తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడి పదం అక్కాడియన్ 'రాము', అహవా కాదు. కానీ వాడిన తీరు అదే.

ఇంకా వెనక్కి వెళ్తే ఈజిప్టులో దొరికిన అమర్నా ఉత్తరాలు. మితన్నీ రాజు తుష్రత్త, ఫరోకు రాస్తూ మా నాన్నతో కన్నా నాతో పదిరెట్లు ప్రేమగా ఉండు అంటాడు. అదే ఉత్తరంలో, మీ దేశంలో బంగారం మట్టిలా పడి ఉంటుందట, పంపు అని అడుగుతాడు. వియ్యంకుల ఉత్తరం లాగే ఉంటుంది.

బైబిల్లోనే చూడండి. తూరు రాజు హీరాము దావీదును 'ప్రేమించేవాడు' అని 1 రాజులు 5:1 హీబ్రూలో ఉంది. దేవదారు దుంగల వ్యాపారం ఆ ప్రేమ మీదే నడిచింది. మన అనువాదంలో స్నేహం అయింది, అదీ సబబే.

పాస్టర్ గారబ్బాయి

శర్మ గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. అంటే 'నీ పూర్ణహృదయముతో' అన్నది కప్పం కట్టే ఒప్పందం అంటారా? నాకు మింగుడుపడటం లేదు.

శాసనాల శర్మ

కప్పం అని నేననలేదు బాబూ. ఆజ్ఞాపించగల ప్రేమ అంటే అది చేతలతో చూపే విశ్వాసమై ఉండాలి అన్నదే మోరన్ మాట. ఆయన వాదన మీద తర్వాత విమర్శలూ వచ్చాయి, మనసును పూర్తిగా తీసేశారని. ఆ విమర్శ న్యాయమే అని నాకూ అనిపిస్తుంది. హోషేయ 11లో ఇశ్రాయేలు చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ప్రేమించాను, నడక నేర్పాను అని దేవుడు వాపోతాడు. అది ఒప్పందం భాష కాదు, కన్నవాడి గోడు.

యూదులు ఆ ఆజ్ఞను ఎలా తీసుకున్నారో చూస్తే ఇంకా బాగుంటుంది. 'పూర్ణశక్తితో' అన్న చోట మిష్నా (యూదు గురువుల పాత ధర్మ సంకలనం) చెప్పిన అర్థం: నీ డబ్బంతటితో. 12వ శతాబ్దంలో మైమోనిదీస్ అనే యూదు పండితుడు ధర్మశాస్త్రాన్ని 14 పుస్తకాలుగా రాసి రెండోదానికి 'అహవా' అని పేరు పెట్టాడు. అందులో విరహం, పారవశ్యం ఉంటాయనుకుంటాం. తెరిస్తే రోజువారీ ప్రార్థన, గుమ్మానికి కట్టే మెజూజా, భోజనం తర్వాత చెప్పే స్తుతి, సున్నతి. పొద్దున షెమా ('ఇశ్రాయేలూ వినుము' అనే ప్రార్థన) చెప్పేముందు ప్రార్థన 'అహవా రబ్బా', సాయంత్రం 'అహవత్ ఓలామ్'. అన్నట్టు మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని యూదు ఆచారం పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళూ హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు.

కాకినాడ కనకం

నాకు ఎప్పుడూ మీకాలు మీద జాలి. సౌలు కూతురు మీకాలు దావీదును ప్రేమించింది (1 సమూయేలు 18:20). బైబిల్ కథల్లో ఒక ఆడపిల్ల ఒక మగవాణ్ణి ప్రేమించిందని ఈ క్రియతో చెప్పింది ఈ ఒక్క చోటే. పరమగీతం వేరు, అది కావ్యం. ఆ అధ్యాయంలో దావీదును అందరూ ప్రేమిస్తారు. యోనాతాను, జనం, సౌలు సేవకులు కూడా. దావీదు ఆమెను ప్రేమించాడని మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు. మీరు ఒప్పందం, విధేయత అంటున్నారు కానీ, ఆ మాట ఎవరి పక్కన రాశారు, ఎవరి పక్కన రాయలేదు అన్నది చూస్తే రాసినవాడి మనసు తెలుస్తుంది.

గుంటూరు మిర్చి

కనకం గారికి ఒక లైకు. దావీదుకు చివాట్లు.

పాస్టర్ గారబ్బాయి

సరే, హీబ్రూలో కూరకూ దేవుడికీ ఒకటే మాట అని ఒప్పుకుంటాను. అందుకే కదా గ్రీకు గొప్పది. అగాపే దైవప్రేమ, ఫిలియా స్నేహం, ఎరోస్ శరీరవాంఛ. అక్కడ గందరగోళం లేదు.

పాత లిపి

అక్కడా ఉంది. యేసు కంటే ముందే యూదులు పాత నిబంధనను గ్రీకులోకి మార్చారు, సెప్టువజింటు అంటాం. అందులో 'అహవ్' వచ్చిన చోట ఎక్కువగా 'అగాపే' కుటుంబం మాటలే పెట్టారు. ద్వితీయోపదేశకాండంలోనూ అదే. ఇప్పుడు 2 సమూయేలు 13 తెరవండి. దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును బలాత్కారం చేశాక, ముందు ప్రేమించిన ప్రేమకన్నా ఎక్కువగా ద్వేషించాడు అని 15వ వచనం. అక్కడి 'ప్రేమ' హీబ్రూలో అహవా, గ్రీకులో అగాపే. ఆ మాటలో దైవత్వం దానంతటదే ఉంటే అక్కడ పెట్టేవాళ్ళా? ఎవరు, ఎవరిని, ఏం చేశారు అన్నదే చెప్పాలి. 'పితరుల వాక్యాలు' అనే మిష్నా భాగంలో కూడా ఇదే జంటను ఎత్తి చూపారు. ఏదో ఒకదాని మీద ఆధారపడ్డ ప్రేమ, అది పోతే తానూ పోతుంది, అమ్నోను తామారుల్లా. దేని మీదా ఆధారపడనిది నిలుస్తుంది, దావీదు యోనాతానుల్లా. రెంటికీ వాడింది అహవానే.

పాస్టర్ గారబ్బాయి

ఆ 15వ వచనం ఇప్పుడే చూశాను. నాన్నగారికి చూపిస్తా. బొమ్మల సంగతి మాత్రం ఇంట్లో ఇంకో గంట వాదన.

చార్మినార్ చాయ్

నాదో డౌట్. మా హైదరాబాద్‌లో మొహబ్బత్, హబీబ్ అంటాం కదా. అహవా, మొహబ్బత్ ఒకటేనా? శబ్దం దగ్గరగా ఉంది.

పాత లిపి

దగ్గరగా ఉంది కానీ వేరు. మొహబ్బత్ అరబీ హ-బ-బ ధాతువు నుంచి వచ్చింది. అందులో హ గొంతు లోపలి నుంచి పలికేది, హీబ్రూలో దాని అక్షరం 'ఖెత్'. అహవాలో ఉన్నది తేలిక 'హే'. ఆ అరబీ ధాతువుకు హీబ్రూలో తోబుట్టువు ఉంది, ఇప్పటి హీబ్రూలో 'ఖవీవ్' అంటే ముద్దొచ్చేది అని. రాణి గారు వినే ఉంటారు.

మీ హైదరాబాదీ మాటల్లో అసలైన చుట్టం ఇంకోటి ఉంది. రహీం, రహమాన్. హీబ్రూలో 'రెఖెమ్' అంటే గర్భం, 'రఖమీమ్' అంటే కనికరం. శర్మ గారు చెప్పిన అక్కాడియన్ 'రాము' కూడా ఈ ధాతువుదే. ఒంకెలోసు పేరున్న, మోషే గ్రంథాల అరమాయిక్ అనువాదంలో దేవుణ్ణి ప్రేమించు అన్న చోట అహవ్ తీసేసి ఈ ర-హ-మ మాటే పెట్టారు.

అహవ్ మాత్రం ఆ ప్రాంతంలో హీబ్రూకు దగ్గరి భాషల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర 1928 తర్వాత బయటపడ్డ ఉగరిత్ నగరం పలకల్లో ఉంది. అక్కడ బాల్ దేవుడు మృత్యువు దగ్గరికి దిగేముందు పొలంలో ఒక పెయ్యను 'ప్రేమించాడు'. అవును, మీరనుకున్న అర్థమే. అసలు ధాతువు మొదటి అర్థం ఏమిటన్నది పండితులు తేల్చలేదు. గెసేనియుస్ నిఘంటువు ఎగఊపిరితో ఒకదాని కోసం ఆరాటపడటం అని ఊహించింది. ఇంకో సరదా, పరమగీతం 3:10లో సొలొమోను పల్లకీ లోపల 'అహవా' పరిచి ఉందంటారు. అరబీలో తోలుకు దగ్గరి మాట ఉండటంతో అది ప్రేమ కాదు, తోలు అని కొందరు పండితుల వాదన. పల్లకీకి తోలు సీటు అయితే నాకు అభ్యంతరం లేదు.

సందేహాల సుబ్బు

ఇంకో వీడియోలో అంకెల లెక్క చెప్పారు. అహవా 13, 'ఎఖాద్' అంటే ఒకటి, అదీ 13. రెండూ కలిస్తే 26, అది దేవుని నామం. ఇది కూడా ఉత్తదేనా?

శాసనాల శర్మ

లెక్క సరిగ్గానే ఉంది. ఆలెఫ్ 1, హే 5, బేత్ 2, హే 5. మొత్తం 13. యోద్-హే-వావ్-హే 26. ఇది గెమత్రియా, యూదు సంప్రదాయంలో ధ్యానానికి, ప్రసంగానికి అందంగా వాడతారు. మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పేది కాదు. అలా అనుకోకుండా వింటే హాయిగా ఉంటుంది.

నిశ్చితార్థం నవీన్

మధ్యలో వస్తున్నా, క్షమించండి. ఉంగరం లోపల అహవా అని హీబ్రూలో చెక్కించాలి. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

పాత లిపి

కుడి నుంచి ఎడమకు: ఆలెఫ్, హే, బేత్, హే. కొన్ని సాఫ్ట్‌వేర్లు తిప్పేస్తాయి, ఎడమ చివర ఆలెఫ్ కనిపిస్తే తిరగబడినట్టే. చెక్కేవాడికి టైపు చేసి ఇవ్వకండి, బొమ్మగా ఇవ్వండి. హే ఎడమ కాలికీ పైగీతకూ మధ్య సన్నని సందు ఉండాలి. అది పూడితే ఖెత్ అయిపోతుంది. బేత్ కింద కుడివైపు చిన్న మడమ బయటికి పొడుచుకు రావాలి, అది అరిగితే కాఫ్. జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో రాబర్ట్ ఇండియానా 1977లో చేసిన ఉక్కు శిల్పం ఫోటో చూడండి. పైన ఆలెఫ్-హే, కింద బేత్-హే. అక్షరాలు అంత స్పష్టంగా ఎక్కడా కనిపించవు.

రమత్ గన్ రాణి

ఇక్కడ ఉంగరాల మీద ఎక్కువగా ఉండేది పరమగీతం 6:3. 'అనీ లెదోదీ వెదోదీ లీ', నేను నా ప్రియునిదాన్ని, అతను నావాడు. అందులో అహవా ఉండదు, 'దోద్' అనే మాట. ఇప్పుడు ఇక్కడ బాబాయిని, మామయ్యను కూడా దోద్ అనే పిలుస్తారు. కాబట్టి పిల్లకు అర్థం చెప్పేటప్పుడు జాగ్రత్త నవీన్ తమ్ముడూ 😄

కాకినాడ కనకం

ఒక ప్రశ్న మిగిలింది. అహాబు రాజు పేరుకూ, ఎజ్రా గ్రంథంలో అహవా నదికీ ఈ ప్రేమతో సంబంధం ఉందా? మా సండే స్కూల్లో 'ప్రేమ నది' అని చెప్పారు.

పాత లిపి

రెండింటికీ లేదు. అహాబు పేరులో హే కాదు, ఖెత్. ఆ పేరుకు 'తండ్రి సోదరుడు' అని అర్థం. ఎజ్రా 8లోని అహవా తెలుగులో రాస్తే ఒకేలా ఉంటుంది కానీ హీబ్రూలో ఆలెఫ్-హే-వావ్-ఆలెఫ్. బేత్ లేదు. అది బబులోను దేశంలో ఒక చోటు పేరు. ఎజ్రా అక్కడ నది దగ్గర జనాన్ని పోగుచేసి, లేవీయులు ఒక్కరూ రాలేదని చూసి మనుషుల్ని పంపి పిలిపించి, ప్రయాణం క్షేమంగా సాగాలని ఉపవాసం ప్రకటించాడు.